పక్కింటావిడ చెప్పిన క్రీము కొనే ముందు

టీవీలో ప్రకటన చూసి వచ్చినవాళ్లు ఒక వస్తువును ఒకసారి కొంటారు. మళ్లీ అదే కావాలని వచ్చారంటే అది వాళ్లకు పడిందన్నమాట. ఆ తర్వాత చెల్లెలినో తోడికోడలినో వెంటబెట్టుకుని వచ్చి "అక్కా, నేను వాడేదే ఈమెకూ ఇవ్వండి" అన్నారంటే ఇక దాని గొప్ప నేను చెప్పనవసరం లేదు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరలో, ఒక సందులో నాకు చిన్న ఫ్యాన్సీ స్టోరు ఉంది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం అమ్మాయిలు, ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, పూలు కట్టి అమ్మేవాళ్లు, కొండ దిగి వచ్చిన యాత్రికులు అందరూ వస్తారు. ఎవరు ఏది మళ్లీ అడుగుతున్నారో గమనించడం నాకు అలవాటు. ఆడవాళ్లు ఒకరికొకరు మనసారా చెప్పుకునే వస్తువుల్లో ఎక్కువ భాగం 200 రూపాయల లోపువే. అద్దాల బీరువాలో పెట్టిన ఖరీదైన సీసాల గురించి అంత ప్రేమగా మాట్లాడినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

అలాగని ఒకరికి పడింది ఇంకొకరికీ పడుతుందని కాదు. ఎవరైనా ఫలానాది బాగుందంటే పేరు రాసుకుని నేరుగా కొట్టుకు రాకండి. ముందు ఆమెను మూడు సంగతులు అడగండి. ఆమె చర్మం జిడ్డుదా, పొడిదా? ఎన్నాళ్ల నుంచి వాడుతోంది? వాళ్లింట్లో స్నానానికి ఏ నీళ్లు? మొదటి రెండూ అందరూ అడుగుతారు. మూడోది అడగమంటే నవ్వుతారు. కానీ మా ఊళ్లో సగం ఫిర్యాదులు నీళ్ల దగ్గరే తేలతాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టుగా మారుతుంది. నురగ రాదు, ఒంటి మీద పొరలా మిగిలిపోతుంది. బకెట్ అంచున గీతలా పేరుకునేది ఆ తెట్టే. కుళాయి నీళ్లు వచ్చే వీధిలో ఉన్న మీ వదినకు మెత్తగా అనిపించిన సబ్బు, బోరు నీళ్ల అపార్ట్‌మెంటులో మీ చర్మాన్ని బిగదీసేస్తుంది. అప్పుడు సబ్బు మార్చడం కంటే, ముఖం వరకైనా తాగే నీళ్లతో కడుక్కుని వారం రోజులు చూడండి. తలకు సబ్బు వద్దు. షాంపూ ఈ నీళ్లలో సబ్బులా తెట్టు కట్టదు. చివరి చెంబు నీళ్లలో సగం నిమ్మకాయ పిండి తల తడిపి, మళ్లీ మామూలు నీళ్లు పోసుకుంటే జుట్టు గరుకుదనం తగ్గుతుంది.

నిమ్మకాయ మాట వచ్చింది కనుక ఇక్కడే చెప్పేస్తాను. దాన్ని ముఖానికి రుద్దుకుని ఎండలోకి వెళ్లకండి. నిమ్మరసం తగిలిన చోట ఎండ పడితే చర్మం కాలినట్టు కందిపోయి, నల్ల మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. వంటింట్లో ఉన్నవన్నీ ముఖానికి మంచివేనన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, నా దగ్గరకు మచ్చలతో వచ్చే ఆడపిల్లల్లో నిమ్మకాయ బాధితులే ఎక్కువ.

ఏది కొన్నా మొదట దొరికే అతి చిన్నది కొనండి. షాంపూ అయితే సాచెట్, క్రీము అయితే చిన్న ట్యూబు. మోచేతి మడత లోపల కొంచెం రాసి ఒకటి రెండు రోజులు ఆగండి. దురద, ఎరుపు లేకపోతేనే ముఖం దాకా తీసుకెళ్లండి. పెట్టె ముందు వైపు రాసినదాన్ని వదిలేసి వెనక వైపు చదవండి. తయారుచేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, ఎప్పటిలోగా వాడాలో తేదీ ఉండాలి. కొన్నిటి మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 12ఎం అని ఉంటుంది. తెరిచిన తర్వాత 12 నెలలే వాడాలని దాని అర్థం. స్నానపు సబ్బు అయితే టీఎఫ్ఎం అంకె చూడండి, సబ్బులో కొవ్వు పదార్థం ఎంత శాతమో చెప్పేది అది. 76 శాతం, అంతకు మించి ఉంటే మొదటి శ్రేణి. 70 ఉంటే రెండోది, 60 ఉంటే మూడోది. 'బాతింగ్ బార్' అని రాసినవి ఈ శ్రేణుల్లోకి రావు. పొడి చర్మం ఉన్నవాళ్లకు ఈ అంకె సువాసన కంటే ముఖ్యం.

ఎండకు

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊరు ఇది. ఇక్కడ ఒకే ఒక్క వస్తువు కొనగలిగినవాళ్లకు నేను సన్‌స్క్రీన్ చూపిస్తాను. అదీ కొనలేనివాళ్లకు నూలు స్కార్ఫు. స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు ముఖం చుట్టూ కట్టుకునే ఆ గుడ్డను వెక్కిరించేవాళ్లు ఉన్నారు గానీ, నేతలో సందులు లేని గుడ్డ ఎండను బాగానే ఆపుతుంది, పైగా ఉతికి మళ్లీ వాడుకోవచ్చు.

సన్‌స్క్రీన్ మీద ఎస్పీఎఫ్ 30 ఉంటే చర్మాన్ని కాల్చే కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని ఆపుతుంది. 50 ఉంటే 98 శాతం. ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు డబ్బు పెట్టకండి. దాని పక్కన పీఏ అని, తర్వాత ప్లస్ గుర్తులు ఉంటాయి. మూడు ప్లస్‌లైనా ఉన్నది తీసుకోండి. చర్మాన్ని నల్లబరిచి ముడతలు తెచ్చే కిరణాల లెక్క అది. అయితే ఈ అంకెలన్నీ సరిపడా రాసుకున్నప్పుడే. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. మనవాళ్లు బఠాణీ గింజంత రాసుకుని పనిచేయలేదంటారు. బయట తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. చామనఛాయవాళ్లకు తెల్లటి పూతలా కనిపించేవి జింక్ ఆక్సైడ్ ఎక్కువగా ఉన్నవి. అది ఇష్టం లేకపోతే జెల్ రకం అడగండి. చేతులు మరిచిపోవద్దు. ముఖం ఒక రంగు, హ్యాండిల్ పట్టుకునే చేతులు ఇంకో రంగు ఉన్న అమ్మాయిలు మా వీధిలో ఎంతమందో.

తలనీలాలు ఇచ్చిన తర్వాత

ఇది వేరే ఊళ్ల కొట్లలో ఎవరూ అడగని సంగతి. కళ్యాణకట్టలో తలనీలాలు సమర్పించి కొండ దిగిన ఆడవాళ్లు స్కార్ఫు కోసం మా కొట్టుకు వస్తారు. మాడు చర్మం అంతవరకు ఎండ ఎరగనిది. ఒక్క మధ్యాహ్నానికే కందిపోతుంది. నేను చెప్పేది ఇది. పలుచని నూలు స్కార్ఫు కట్టుకోండి, సిల్కుది జారిపోతుంది. కత్తి గాట్లు మానేవరకు ఘాటైన షాంపూ, సువాసన నూనెలు వద్దు. రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె పలుచగా రాస్తే చాలు. గాట్లు మానిన తర్వాత పగలు స్కార్ఫు లేకుండా తిరిగితే ముఖానికి రాసే సన్‌స్క్రీనే మాడుకూ రాయండి.

గంధం రాసుకుంటే చల్లగా ఉంటుంది, నిజమే. ఆరిన తర్వాత పెళుసుగా లాగితే కడిగేయండి. ప్యాకెట్ గంధం పొడి కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మన శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనానికి వాసన ఉండదు. వాసన ఉండేది శ్రీగంధానికి. ఎర్రచందనం అని రాసిన పొడి గుప్పున వాసన వేస్తోందంటే అందులో సెంటు కలిపారన్నమాట. అసలు శ్రీగంధం పొడి ఇరవై ముప్పై రూపాయలకు రాదు. సానరాయి, చిన్న గంధపు చెక్క ఇంట్లో ఉన్నవాళ్లు అరగదీసుకోవడమే మేలు.

గుండు చేయించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుందా అని ప్రతివాళ్లూ అడుగుతారు. రాదు. కొత్త వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కనుక ముట్టుకుంటే మందంగా అనిపిస్తుంది, అంతే. నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. దాన్ని తొందరపెట్టే నూనె ఏదీ నా దగ్గర లేదు, ఉందని చెప్పేవాళ్ల దగ్గరా లేదు. స్వామికి ఇచ్చిన జుట్టు గురించి ఇంత బెంగ ఎందుకని మా అత్తగారు అనేవారు గానీ, పెళ్లి కావలసిన పిల్ల బెంగ ఆ పిల్లది.

బొట్టుబిళ్ల, కాటుక

బొట్టు పెట్టుకునే చోట తెల్లటి మచ్చ. అచ్చం బిళ్ల పరిమాణంలో, గుండ్రంగా. ఇలా వచ్చి "అక్కా, ఇంకొంచెం పెద్ద సైజు ఇవ్వండి, కప్పేసుకుంటాను" అంటే నేను అమ్మను. స్టిక్కర్ వెనక జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటే, కొందరికి అది చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీస్తుంది. దురద, ఎరుపు మొదట వస్తాయి, కొందరికి అవీ రాకుండానే రంగు పోతుంది. కనిపించిన రోజే స్టిక్కర్ మానేసి చర్మవ్యాధుల వైద్యులకు చూపించాలి. తొందరగా వెళితే రంగు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

మచ్చ లేనివాళ్లు కూడా రాత్రి బిళ్ల తీసి పడుకోండి. తీసిన బిళ్లను స్నానాల గది అద్దానికి అతికించి మర్నాడు మళ్లీ పెట్టుకోవడం మన ఇళ్లన్నిటిలో ఉన్న ఆచారం. తడి గాలికి, సబ్బు చినుకులకు ఆ జిగురు పాడవుతుంది. పది రూపాయల షీట్‌లో బిళ్లలు బోలెడు ఉంటాయి, పారేయండి. స్టిక్కరే పడనివాళ్లకు పాత పద్ధతి ఉంది. చిటికెడు మైనం రాసి దాని మీద కుంకుమ అద్దుకోవడం. మైనం దొరక్కపోతే వాజెలిన్ చుక్క. కుంకుమ కూడా పసుపుతో చేసిందా, రంగు కలిపిందా చూసుకోవాలి. నుదురు మండితే అది మీకు పడనిదే, గుడి దగ్గర కొన్నదైనా సరే.

కాటుక విషయంలో నాకు పట్టింపులు ఎక్కువ. డబ్బా కాటుక వేలితో తీసి ఇంట్లో నలుగురు పెట్టుకోవద్దు. ఒకరి కంటి కలక అందరికీ వస్తుంది. పెన్సిల్ అయితే చెక్కుకునే రకం మంచిది, చెక్కిన ప్రతిసారి కొత్త మొన వస్తుంది. తయారీ చిరునామా లేకుండా సంతలో అమ్మే సుర్మా వద్దు. కొన్నిటిలో సీసం ఉంటుంది. పసిపిల్లల కళ్లలో అసలే వద్దు. దిష్టి కోసమైతే అరికాలికి చుక్క పెట్టండి, దిష్టికి అదీ పనిచేస్తుందంటారు కదా. రాత్రి పడుకునే ముందు దూదికి కొబ్బరినూనె అద్ది కనురెప్ప మూసి తుడిస్తే కాటుక మొత్తం వచ్చేస్తుంది. ప్రత్యేకంగా రిమూవర్ కొనాల్సిన పని లేదు.

ఈ నూనె చిట్కాను ఎక్కువగా మెచ్చుకునేది మగవాళ్లు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చిందంటే మా సందంతా వాళ్లే. మొక్కు ఉన్నవాళ్లు చీర కట్టి, గాజులు వేసుకుని, కాటుక, బొట్టు పెట్టుకుని అమ్మవారి దగ్గరకు వెళతారు. మిగతా సంవత్సరమంతా భార్య లిప్‌స్టిక్ ధర విని కళ్లు తేలేసేవాళ్లు ఆ వారం నా దగ్గర రంగులు ఏరుకుంటూ అరగంట నిలబడతారు. వేషం తీసేటప్పుడు సబ్బుతో గట్టిగా రుద్దవద్దని, ముందు కొబ్బరినూనె పట్టించి మెత్తని గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే కడగాలని వాళ్లకు చెబుతాను.

ఎప్పుడూ ఖాళీ కాని అర

నా కొట్లో ఒక అరలో వాజెలిన్, గ్లిసరిన్, కెలమైన్ లోషన్, కొబ్బరినూనె ఉంటాయి. దాన్ని నింపడమే నా పని. వాజెలిన్‌కు అమెరికాలో 1872లో పేటెంటు వచ్చింది. ఇన్నేళ్లయినా దాన్ని మించినది రాలేదంటాను. అది చర్మానికి తడి ఇవ్వదు, ఉన్న తడిని పోనివ్వదు. కనుక పొడి చర్మం మీద కాదు, స్నానం చేసి ఇంకా చెమ్మ ఆరకముందే రాయాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కి వచ్చినవాళ్ల మడమల పగుళ్లకు ఇదే. గోరువెచ్చని నీళ్లలో పాదాలు పది నిమిషాలు నానబెట్టి, మడమ రాయితో మెల్లగా రుద్ది, తుడిచి, వెంటనే వాజెలిన్ దట్టంగా రాసి నూలు సాక్సులు వేసుకుని పడుకోవాలి. రక్తం వచ్చేంత పగుళ్లు ఉన్నవాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు రాయి జోలికి వెళ్లకుండా వైద్యులకు చూపించుకోవాలి. మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం నేను వాజెలిన్ చెప్పను, పెదవుల వరకే.

గ్లిసరిన్ మందుల షాపులో కొనండి, సీసా మీద 'ఐ.పి.' (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణం) అని ఉన్నది. ఒక వంతు గ్లిసరిన్‌కు మూడు వంతుల పన్నీరు (గులాబీ నీళ్లు) కలిపి చిన్న సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వారం వస్తుంది. గ్లిసరిన్ ఒక్కటే రాస్తే జిగటగా ఉండి దుమ్మంతా పట్టుకుంటుంది. పన్నీరు పేరుతో పెళ్లిళ్లలో చల్లే సెంటు నీళ్లు అమ్ముతారు, అది ముఖానికి కాదు. జిడ్డు ముఖం, చెమటకాయలు ఉన్నవాళ్లకు కెలమైన్ లోషన్ హాయి. పొడి చర్మం ఉన్నవాళ్లను అది ఇంకా ఎండగడుతుంది. ముల్తానీ మట్టిదీ అదే దారి: జిడ్డు ముఖానికి వారానికొకసారి, పూర్తిగా ఆరి బీటలు వారకముందే కడిగేయాలి. కొబ్బరినూనె తలస్నానానికి ముందు రాత్రి తలకు. వెంట్రుక లోపలికి దిగే గుణం దానికి ఉంది, కడిగేటప్పుడు జుట్టు బలం పోకుండా కాపాడుతుంది. ముఖానికి రాసుకుంటే కొందరికి మొటిమలు వస్తాయి.

కుంకుడుకాయల గురించి చెప్పకపోతే మా పెద్ద కస్టమర్లు ఊరుకోరు. ఎనిమిదో పదో కాయలు కొట్టి గింజ తీసి, వేడినీళ్లలో నానబెట్టి పిసికి, గుడ్డలో వడగట్టాలి. వడగట్టకపోతే నలక జుట్టులో చిక్కుకుని రోజంతా దులుపుకోవాలి. కళ్లలో పడితే మంట, అందుకే తల వెనక్కి వాల్చి పోసుకోండి. వారానికి ఒకటి రెండు సార్లు చాలు.

నేను అమ్మనివి

పెళ్లి కుదిరిన నెలలో ఒక అమ్మాయి కాగితం మీద ఒక క్రీము పేరు రాసుకుని వస్తుంది. స్నేహితురాలు చెప్పిందట, పది రోజుల్లో తెల్లబడిందట. ఆ పది రోజుల సంగతి నిజమే కావచ్చు. అందుకే భయం. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి పేర్లు ట్యూబు మీద ఉంటే అది స్టెరాయిడ్ మందు, అందం క్రీము కాదు. మొదట్లో ముఖం నునుపుగా మెరుస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలుచబడి ఎర్రబారుతుంది, రక్తనాళాలు కనిపిస్తాయి, మొటిమలు, అక్కర్లేని వెంట్రుకలు వస్తాయి. మానేస్తే మంట, ఎరుపు ఎక్కువై మళ్లీ రాసుకునేలా చేస్తుంది. 2018లో ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు నా మాట విని ఒక్కసారిగా మానేయకండి, ఆ ట్యూబు పట్టుకుని చర్మవ్యాధుల వైద్యుల దగ్గరకు వెళ్లండి.

తయారీ చిరునామా, లైసెన్సు సంఖ్య లేకుండా విదేశీ అక్షరాలతో వచ్చే తెల్లబరిచే డబ్బాలూ అంతే. అలాంటి కొన్నిటిలో పాదరసం ఉంటుంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పుట్టుకతో వచ్చిన రంగును ఏ డబ్బా మార్చదు. ఎండకు నల్లబడిన ముఖం తన సొంత రంగుకు తిరిగి రావడానికి సన్‌స్క్రీన్, స్కార్ఫు, కొన్ని నెలల ఓపిక చాలు. ఈ మాట ఆడపిల్లలకు చెబితే అర్థమవుతుంది, వెంట వచ్చిన అమ్మలకు చెప్పడమే కష్టం.

జుట్టు రంగులు అమ్ముతాను గానీ ఒక షరతు మీద. గోరింటాకు ఆకు ఒక్కటే అయితే ఎరుపు, నారింజ రంగులే వస్తాయి. 'నల్ల గోరింట' ప్యాకెట్ జుట్టును నల్లగా చేసిందంటే అందులో వేరే రంగు ఉంది. చాలావాటిలో ఉండేది పీపీడీ అనే రసాయనం. అందరికీ పడదు, ఏళ్లుగా పడినవాళ్లకు కూడా ఒక రోజు పడకుండా పోవచ్చు. అందుకే ప్రతిసారీ చెవి వెనక చుక్క పెట్టి 48 గంటలు ఆగాలి. రేపు ఉదయం పెళ్లికి వెళ్లాలి, ఈ రాత్రే వేసుకోవాలి అన్నవాళ్లకు ప్యాకెట్ ఇవ్వను. దురద, వాపు కళ్ల దాకా వస్తే వెంటనే కడిగేసి ఆసుపత్రికి వెళ్లాలి.

పటిక మరిచాను. పది ఇరవై రూపాయలకు చేతిలో పట్టేంత ముక్క వస్తుంది. స్నానం తర్వాత తడిపి చంకల్లో రుద్దుకుంటే చెమట వాసన తగ్గుతుంది. అప్పుడే వెంట్రుకలు తీసిన చోట మాత్రం చురుక్కుమంటుంది, ఆ రోజు మానేయండి. ఆరబెట్టి దాచుకుంటే నెలల తరబడి వస్తుంది. బస్సులో నిలబడి డ్యూటీకి వెళ్లే నర్సమ్మలు డబ్బుపెట్టి కొన్న స్ప్రేలు మానేసి దీనికి మారారు. గాజుల పెట్టెల వెనక గాజు సీసాలో ఉంటుంది, బయటికి కనిపించదు, అడగండి.